మార్పులు చేసిన మోటార్‌సైకిల్‌కు ఏ బీమా: మన దేశంలో ఉన్న దారుల పోలిక

బండి కొన్నాక దానికి సామాను పెట్టెలు, అదనపు లైట్లు, ఎత్తైన విండ్‌షీల్డ్, వేరే హ్యాండిల్, వేరే సైలెన్సర్ వంటివి బిగించుకునేవారిలో చాలామందికి బీమా సంగతి గుర్తుకు రాదు. రెన్యువల్ గడువు దగ్గర పడినప్పుడు ఫోన్‌లో వచ్చిన లింకు తెరిచి, పాత పాలసీనే పాత వివరాలతో పొడిగించి ఊరుకుంటారు. ఎప్పుడైనా అనుమానం వచ్చి విచారించినా, వారు అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ ప్రీమియం తక్కువ అనే. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న చివరన రావాలి. బిగించిన ప్రతి వస్తువూ చట్టం అనుమతించేదా కాదా, అనుమతించేదైతే పాలసీలో రాయించవలసినదా, రాయించినా దానికి డబ్బు వచ్చే అవకాశం ఎంత అన్నవి తేల్చుకున్న తరువాత ఎంచుకోవడానికి మిగిలే దారులు రెండు మూడుకు మించవు.

ముందుగా చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఆ సెక్షన్ దృష్టిలో మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారిపోవడం. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించే వీలు కలిగింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు రద్దు కావచ్చు. కాబట్టి లోపలి శబ్దనిరోధకం తీసేసిన సైలెన్సర్, పెద్ద సిలిండర్ కిట్, కోసి మళ్లీ వెల్డింగ్ చేసిన ఛాసిస్ వంటివాటికి బీమా ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం వృథా ప్రయాస. ప్రపోజల్ పత్రంలో, అంటే బీమా కోసం నింపే దరఖాస్తులో, వాటిని నిజాయితీగా రాస్తే కంపెనీ వెనకాడుతుంది, రాయకపోతే క్లెయిమ్ సమయంలో అవే అడ్డొస్తాయి.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఉల్లంఘన ఒకటి ఇక్కడ చెప్పాలి. వెనుక కూర్చునేవారు పట్టుకునే హ్యాండిల్, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, వెనుక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే రక్షణ, అంటే మనం చీర గార్డు అనేది, కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 123వ నిబంధన ప్రకారం తప్పనిసరి. బండి సన్నగా కనిపించాలని వీటిని ఊడదీయించేవారు తాము ఏమీ బిగించలేదు కాబట్టి మార్పు చేయలేదనుకుంటారు. తీసేయడం కూడా మార్పే.

చట్టం దారి చూపించిన మార్పులూ ఉన్నాయి. ఇంజిన్ పాడైతే అదే తయారీ, అదే రకం ఇంజిన్‌ను అనుమతితో వేయించుకోవచ్చు. వికలాంగుల కోసం పక్క చక్రాలు అమర్చడం వంటి మార్పులకు రవాణా శాఖ అనుమతి ఇస్తుంది. రంగు మార్పించినా ఆర్‌సీలో నమోదు కావాలి. ఇంజిన్ మార్పు వంటివి జరిగితే 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి, ఆర్‌సీని సమర్పించి అందులో రాయించుకోవాలని చట్టం చెబుతోంది. ఈ మార్పుల విషయంలో ఆర్‌సీలో మార్పు నమోదయ్యాకే పాలసీలో దానిని ఎక్కించమని అడగండి. వరుస తిరగబడితే రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి పొసగవు. వికలాంగుల కోసం మార్చిన బండికి ఆర్‌సీలో నమోదు ఉంటే ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఇచ్చే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే సవరణ పత్రం, మన పాత మోటారు టారిఫ్‌లోనే, అంటే కంపెనీలన్నిటికీ ఒకే రేట్లు నిర్ణయించిన పట్టికలోనే ఉంది. మార్పు చేసినందుకు ప్రీమియం తగ్గే అరుదైన సందర్భం ఇది. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరానికి కూడా ఆ టారిఫ్‌లో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు ఉంది గానీ, ఆ ఆమోదం లేని అలారానికి అది వర్తించదు.

ఇక మిగిలినవి నిర్మాణాన్ని తాకని అమరికలు: సామాను పెట్టెలు, విండ్‌షీల్డ్, సీటు, ఫాగ్ లైట్లు, ఫోన్ ఛార్జర్, నావిగేషన్ తెర. పోలిక అవసరమయ్యేది నిజానికి వీటి విషయంలోనే.

థర్డ్ పార్టీ ఒక్కటే సరిపోతుందా

చట్టం తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం ఏడాదికి 75 నుంచి 150 సీసీ బండికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ బండికి 1,366 రూపాయలు, 350 సీసీ దాటితే 2,804 రూపాయలు. దీనిపై జీఎస్‌టీ అదనం. ఈ మొత్తం ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టే తప్ప బండికి ఏం బిగించారన్న దాన్ని బట్టి మారదు. అందుకే ఎనిమిదేళ్ల బండికి పదివేల రూపాయల సీటు, పెట్టె బిగించుకున్నవారు థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ బండికి కంపెనీ కట్టే విలువ ఎలాగూ తక్కువే, భాగాల మీద తరుగుదల ఎలాగూ ఎక్కువే.

అయితే ఈ దారిలో మన బండికి గానీ, దానికి బిగించిన వస్తువులకు గానీ ఒక్క రూపాయి రాదు. ఎదుటివారి మరణానికి, గాయాలకు పరిహారంలో బీమా బాధ్యతకు పరిమితి లేకపోయినా, వారి ఆస్తికి జరిగే నష్టానికి ద్విచక్ర వాహన పాలసీలో పరిమితి లక్ష రూపాయలు. పైగా మార్పులతో తనకు నిమిత్తం లేదనుకునే థర్డ్ పార్టీ పాలసీదారుకు కూడా చిక్కు రావచ్చు. ముఖ్యమైన విషయాన్ని దాచి పాలసీ తీసుకున్నారన్నది కంపెనీకి చట్టం ఇచ్చిన కొద్దిపాటి వాదనల్లో ఒకటి. ఇలాంటి వివాదాల్లో న్యాయస్థానాలు బాధితుడికి ముందు కంపెనీ చేత డబ్బు ఇప్పించి, ఆపై దానిని యజమాని నుంచి వసూలు చేసుకోమన్న సందర్భాలు ఉన్నాయి. 150 సీసీ లోపు ఇంజిన్‌కు పెద్ద సిలిండర్ వేసి ఆ హద్దు దాటించినవారు చిన్న బండి ప్రీమియం కట్టి పెద్ద బండి నడుపుతున్నట్టే లెక్క, కాబట్టి ఈ వాదన ముందుగా తగిలేది వారికే.

ఏమీ చెప్పకుండా ప్యాకేజీ పాలసీ

అందరూ ఎక్కువగా నడిచే దారి ఇదే, నాకు అన్నిటికన్నా నచ్చనిదీ ఇదే. ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ చేతిలో ఉంది కాబట్టి బండి మీద ఉన్నదంతా అందులోకి వచ్చిందనే భ్రమ దీనితో వస్తుంది. మీ పాలసీ షెడ్యూల్ మొదటి పేజీ తీసి చూడండి. వాహనం బీమా విలువ, అంటే ఐడీవీ, ఉన్న వరుసలోనే ఎలక్ట్రికల్ యాక్సెసరీస్, నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ అని విడి గడులు కనిపిస్తాయి. ఆ గడుల్లో సున్నా ఉంటే, బిగించిన వస్తువులు పాలసీకి తెలియవు.

ఇక్కడే మరో అపోహ ఉంది. షోరూమ్‌లోనే కొన్నాం, కంపెనీ ముద్ర ఉన్న అసలు వస్తువే కదా, అది బండితో పాటే బీమాలోకి వస్తుంది అనుకుంటారు. ఐడీవీకి ఆధారం ఆ మోడల్‌కు తయారీదారు ప్రకటించిన ధర. ఆ ధరలో చేరని ప్రతి వస్తువుకూ, అది షోరూమ్‌లో కొన్నదైనా బయట కొన్నదైనా, విలువ విడిగా కట్టించాలి.

ప్రమాదం జరిగాక నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి చేసే పనిని ఊహించుకుంటే ఈ దారిలోని బలహీనత తెలుస్తుంది. ఆయన ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిచూస్తారు, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తారు, విరిగిన భాగాల జాబితా రాస్తారు. ఆ జాబితాలో షెడ్యూల్‌లో లేని వస్తువులు పక్కకు పోతాయి. హ్యాండిల్ వెడల్పుగా ఉండడం వల్లనో, అదనపు లైట్ల వైరింగ్ వేడెక్కడం వల్లనో ప్రమాదం జరిగిందని తేలితే, చిక్కు ఆ వస్తువుతో ఆగకుండా మొత్తం క్లెయిమ్‌కు చుట్టుకుంటుంది. ప్రపోజల్‌లోని వివరాలు నిజమై ఉండడం కంపెనీ బాధ్యతకు ముందస్తు షరతు అని ప్రామాణిక మోటారు పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది. సొంత వాడకానికి బీమా తీసుకుని వాహనాన్ని అద్దెకు తిప్పిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010లో క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం ఇప్పించిన మాట నిజమే. షరతు తప్పినంత మాత్రాన అంతా పోతుందని చెప్పలేమనడానికి అది ఆధారం. కానీ ఆ 75 శాతం కోసం వినియోగదారుల కమిషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగడానికి పట్టే కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు.

రాయించి తీసుకునే పాలసీ

నిర్మాణాన్ని తాకని వస్తువుల విలువ మొత్తం బండి విలువతో పోలిస్తే చెప్పుకోదగ్గంత ఉన్నవారికి నా సలహా ఇదే. దీని ఖర్చు చాలామంది ఊహించినంత ఉండదు. విద్యుత్తుతో పనిచేసే అమరికలకు పాత టారిఫ్‌లో అదనపు ప్రీమియం వాటి విలువ మీద 4 శాతం. విద్యుత్తుతో సంబంధం లేనివాటి విలువ బండి విలువకు కలిసి, ఓన్ డ్యామేజ్ రేటుకే ప్రీమియం పడుతుంది. కొత్త ద్విచక్ర వాహనాలకు పాత టారిఫ్‌లో అది రెండు శాతం లోపే. 2007 నుంచి రేట్లు కంపెనీల ఇష్టానికి వదిలేశారు కాబట్టి ఇప్పుడు దాని మీద తగ్గింపులు కూడా ఉంటాయి.

ఉదాహరణకు 30,000 రూపాయల అల్యూమినియం సామాను పెట్టెల జత, 10,000 రూపాయల లైట్లు ఉన్నాయనుకుందాం. లైట్లకు 400 రూపాయలు, పెట్టెలకు 1.75 శాతం చొప్పున 525 రూపాయలు, రెంటి మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే తగ్గింపులేవీ లేకుండా ఏడాదికి సుమారు 1,090 రూపాయలు. రెండో ఏడాదిలో బండి పడిపోయి 15,000 రూపాయల పెట్టె ఒకటి నలిగిందనుకోండి. లోహపు భాగానికి ఆ వయసులో తరుగుదల 10 శాతం కాబట్టి 13,500 రూపాయలు లెక్కకు వస్తుంది, అందులోంచి తప్పనిసరి మినహాయింపు 100 రూపాయలు పోతుంది. పెట్టె ప్లాస్టిక్‌దైతే కథ వేరు. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు మొదటి రోజు నుంచే 50 శాతం తరుగుదల ఉంటుంది కాబట్టి, అదే ధర గల పెట్టెకు సగమే వస్తుంది. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం. అందువల్ల ఖరీదైన లోహపు వస్తువులను తప్పక రాయించాలంటాను. చవకైన ప్లాస్టిక్ విండ్‌షీల్డ్‌ను రాయించకపోయినా మునిగేదేమీ లేదు, ఎందుకంటే దాని కోసం క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోయి వచ్చిన లాభం హరించుకుపోతుంది. క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ వచ్చేది. ఒక్క చిన్న క్లెయిమ్‌తో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ఈ పాలసీ కూడా ఇవ్వనివి ఏమిటో తెలుసుకునే డబ్బు కట్టాలి. ప్రామాణిక ద్విచక్ర వాహన పాలసీలో, బండి కూడా అదే సమయంలో పోతే తప్ప, యాక్సెసరీల దొంగతనానికి పరిహారం లేదు. రాత్రి నిలిపి ఉంచిన బండి నుంచి పెట్టెలు మాత్రమే విప్పుకుపోతే, వాటిని షెడ్యూల్‌లో రాయించి ఉన్నా డబ్బు రాదు. చాలామంది సరిగ్గా ఆ భయంతోనే బీమా వైపు చూస్తారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను: సులభంగా ఊడివచ్చే వస్తువులకు మంచి తాళం బోల్టులు కొనడం, దిగినప్పుడు విప్పి లోపల పెట్టుకోవడం ఎండార్స్‌మెంట్ కన్నా ఎక్కువ పనిచేస్తాయి. అలాగే లైట్లు తమంతట తాము కాలిపోయినా, వైరింగ్‌లో విద్యుత్ లోపం వచ్చినా విద్యుత్ పరికరాల ఎండార్స్‌మెంట్ వర్తించదు. రేసులు, వేగ పరీక్షలు పాలసీ వాడక పరిధిలోనే ఉండవు. ర్యాలీల కోసం వేరే ఎండార్స్‌మెంట్ ఉంది గానీ, అది మామూలు రెన్యువల్ పేజీలో కనిపించేది కాదు.

అదనపు ప్రీమియంతో పాలసీకి చేర్చుకునే యాడ్-ఆన్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను. జీరో డెప్ తీసుకుంటే తరుగుదల కోత లేకుండా వస్తుందన్నది బండి భాగాల విషయంలో సరే. విడిగా రాయించిన యాక్సెసరీలకు కూడా అది వర్తిస్తుందా అన్నది ఆ కంపెనీ యాడ్-ఆన్ నిబంధనల్లో చదివి, సందేహముంటే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి. ప్లాస్టిక్ పెట్టెలు ఉన్నవారికి ఈ ఒక్క జవాబు మీదే కంపెనీ ఎంపిక మారిపోవచ్చు. బండి పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ ఆధారపడేది బండి ఇన్వాయిస్ మీద కాబట్టి, తరువాత బయట కొన్న వస్తువులకు దాని నుంచి పెద్దగా ఆశించకూడదు.

ఏ కంపెనీ దగ్గర, ఎప్పుడు

2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి. దీనివల్ల మొదటి రోజు షోరూమ్ వాళ్లు కట్టించిన కంపెనీ దగ్గరే ఐదేళ్లూ ఉండిపోవాలని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2019 సెప్టెంబరు నుంచి ఓన్ డ్యామేజ్ పాలసీని విడిగా, వేరే కంపెనీ దగ్గర ఏడాదికోసారి తీసుకునే వీలుంది. మార్పులు చేసిన బండికి ఇది చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే థర్డ్ పార్టీని కదిలించకుండానే, యాక్సెసరీల విలువను ఒప్పుకునే కంపెనీకి ఓన్ డ్యామేజ్‌ను మార్చుకోవచ్చు. వెబ్‌సైట్లలో ధరలు పోల్చేటప్పుడు యాక్సెసరీల విలువ నింపే గడి ఉందో లేదో చూడండి. ఆ గడి లేని చోట వచ్చిన ధరను, ఉన్న చోట వచ్చిన ధరతో పోల్చడంలో అర్థం లేదు. గడి కనిపించనప్పుడు కంపెనీ శాఖలోనో, ఏజెంటు ద్వారానో రాయించడమే మార్గం.

పాలసీ మధ్యలో వస్తువులు బిగించుకుంటే రెన్యువల్ దాకా ఆగనక్కర్లేదు. బిల్లు, ఫొటోలు జతచేసి ఎండార్స్‌మెంట్ కోరితే, మిగిలిన కాలానికి మాత్రమే అదనపు ప్రీమియం తీసుకుని కంపెనీ చేరుస్తుంది. అవసరమనుకుంటే బండిని తనిఖీ చేస్తుంది. బిల్లు లేకుండా బిగించిన వస్తువుకు విలువ నిరూపించడం కష్టం కాబట్టి, జీఎస్‌టీ బిల్లు ఇవ్వని దుకాణంలో మిగిలే నాలుగు వందలు ఇక్కడ పోతాయి. ఎండార్స్‌మెంట్ కాగితం వచ్చాక అందులో వస్తువు పేరు, విలువ, అమలు తేదీ ఉన్నాయో లేదో అప్పటికప్పుడే చూసుకోవాలి. మొత్తం కలిపి ఒక అంకె వేసి పంపితే, వస్తువుల వారీగా రాసి ఇమ్మని అడగాలి.

పాలసీ గడువు దాటిపోనివ్వకండి. దాటితే కంపెనీ మళ్లీ తనిఖీ కోరుతుంది, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మార్పులన్నీ ఆ ఫొటోల్లో బయటపడతాయి. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. తనిఖీ రోజుకు పాత సైలెన్సర్ బిగించి, మర్నాడు మళ్లీ మార్చేసే పద్ధతిని కొందరు తెలివిగా చెప్పుకుంటారు. తనిఖీ ఫొటోలకూ ప్రమాదం నాటి ఫొటోలకూ తేడా ఉందన్నది కంపెనీ చేతికి మనమే అందించే సాక్ష్యం. చట్టం ఒప్పుకోని మార్పు ఉన్నవారు నిజంగా బీమా కావాలనుకుంటే అసలు భాగాలను తిరిగి బిగించి, అలాగే ఉంచడం ఒక్కటే దారి. మార్పు చేయించేటప్పుడు పాత సైలెన్సర్, పాత హ్యాండిల్, పాత ఇండికేటర్లను మెకానిక్ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలని చెప్పడం ఇందుకే. బండి అమ్మేటప్పుడు కూడా వాటికి విలువ ఉంటుంది.

సరిగ్గా రాయించిన తరువాత కూడా క్లెయిమ్‌ను మార్పుల సాకుతో తిరస్కరిస్తే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. జవాబు సంతృప్తిగా లేకపోయినా, నెల రోజుల్లో అసలు జవాబే రాకపోయినా బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా అడిగేవి ఎండార్స్‌మెంట్ ప్రతి, బిల్లులు, బిగించిన నాటి ఫొటోలు, తిరస్కరణ లేఖ; తిరస్కరణ ఫోన్‌లో నోటి మాటగా చెప్పి ఊరుకుంటే, కారణం రాసి ఇవ్వమని పట్టుబట్టాలి.